కడుపునొప్పి లేని రోజున దొరికిన కారణం: ఒక ఆడగుర్రం కేసు

డిసెంబర్ 9 రాత్రి పదిన్నరకు ఫోన్ వచ్చింది. "సార్, గుర్రం పడుకుంటాంది, లేస్తాంది, మళ్లా పడుకుంటాంది. కడుపు తట్టు తిరిగి తిరిగి చూస్తాంది" అన్నాడు యజమాని. ఊరు అనంతపురం నుంచి తాడిపత్రి పోయే దారిలో, రోడ్డుకు మూడు కిలోమీటర్ల లోపల. ఆ ఇంట్లో రెండు గుర్రాలున్నాయి. పెళ్లి ఊరేగింపులకు బాడుగకు పంపుతారు. మిగిలిన బతుకంతా వేరుశనగ సేద్యమే.

ఆ రాత్రి నుంచి మరుసటి సంవత్సరం నవంబర్ చివరిదాకా ఆ ఆడగుర్రానికి ఎనిమిది సార్లు కడుపునొప్పి వచ్చింది. ఎనిమిది సార్లూ వెళ్లాను. ఎనిమిది సార్లూ నొప్పి తగ్గింది. అసలు కారణం మాత్రం ఏడాది పాటు నా చేతికి చిక్కలేదు. రాయలసీమలో పనిచేసే పశువైద్యుల్లో ఎక్కువమంది నాలాగే రోజంతా ఆవులు, ఎనుములు, గొర్రెలు చూసేవాళ్లు. గుర్రం అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తుంది. వాళ్లకూ, ఇంట్లో గుర్రం ఉన్నవాళ్లకూ పనికొస్తుందని ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను. తప్పు దారి పట్టిన చోట్లను కూడా దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఆ దారులన్నీ అప్పట్లో సరైనవిగానే కనిపించాయి.

గుర్రం గురించి. తొమ్మిదేళ్ల నుక్రా ఆడగుర్రం. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు మూతి. పెళ్లివాళ్లు కోరి అడిగే రకం. ఛాతీ చుట్టుకొలత 172 సెంటీమీటర్లు, పొడవు 152. ఛాతీ కొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11877తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. అలా సుమారు 380 కిలోలు తేలింది. తూకం వేసే వసతి లేని చోట మందు మోతాదుకు ఈ లెక్క చాలు. మేత వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మొక్క), దొరికినప్పుడు జొన్న సొప్ప, రోజూ రెండు పూటలా ఉడికించిన ఉలవలు, తవుడు. నీళ్లు బోరువి.

మొదటి రాత్రి పరీక్షలో పెద్ద భయపడాల్సింది ఏమీ కనిపించలేదు. పల్స్ 52. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా ఉంటుంది కాబట్టి నొప్పి ఉందని అర్థం. కానీ పేగు మెలిపడినప్పుడు చూసే అంకెలు కావవి. చిగుళ్లు లేత గులాబీ రంగులోనే ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే రంగు తిరిగి వచ్చింది. జ్వరం లేదు. పొట్టకు రెండు వైపులా స్టెతస్కోప్ పెడితే పేగు కదలిక బాగా తగ్గింది, ఎడమ పైభాగంలో దాదాపు నిశ్శబ్దం. ముక్కులోంచి కడుపులోకి ట్యూబ్ వేశాను. గుర్రాలు వాంతి చేసుకోలేవు. కడుపులో నీరు, గ్యాస్ నిండితే జీర్ణాశయం పగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే కోలిక్ (గుర్రం కడుపునొప్పి) కేసులో ట్యూబ్ వేసి చూడకుండా ఇంకేదీ చేయకూడదన్నది నా పద్ధతి. వెనక్కి ఏమీ రాలేదు. రెక్టల్ పరీక్షలో, అంటే మలద్వారంలో చేయి పెట్టి చూస్తే, కొంచెం పొడి లద్దె తప్ప చేతికి తేడా ఏమీ తగల్లేదు.

నొప్పి తగ్గించే ఫ్లూనిక్సిన్ కిలోకు 1.1 మిల్లీగ్రాముల చొప్పున నరానికి ఇచ్చాను. లద్దె జారడానికి ట్యూబ్ ద్వారా నాలుగు లీటర్ల లిక్విడ్ పారాఫిన్ నూనె పోశాను. తెల్లవారుజామున మూడు గంటలకు లద్దె వేసింది. ఐదింటికి మేత కోసం సకిలించింది.

ఒక్క విషయం చెప్పి ముందుకు పోతాను. నేను వెళ్లేసరికే ఇంట్లోవాళ్లు వెదురు గొట్టంతో వాము కషాయం, నువ్వుల నూనె పట్టించారు. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది, కళ్లముందు ప్రాణి పొర్లుతుంటే చేతులు కట్టుకుని కూర్చోలేరు. కానీ నొప్పితో తల ఆడించే గుర్రానికి గొట్టంతో పోసినదాంట్లో కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె అక్కడికి చేరితే న్యుమోనియా వస్తుంది, దాన్నుంచి గుర్రాన్ని కాపాడటం చాలా కష్టం. కడుపునొప్పి గుర్రానికి నోట్లో ఏమీ పోయొద్దు. మేత తీసేసి, మెల్లగా నడిపిస్తూ డాక్టర్‌కు ఫోన్ చేయండి.

వరుసగా తప్పిన దారులు

రెండో నొప్పి డిసెంబర్ 31న వచ్చింది. మూడోది జనవరి 19న. నాలుగోది ఫిబ్రవరి 9న. ప్రతిసారీ అదే తీరు, అదే చికిత్స, ఐదారు గంటల్లో ఉపశమనం.

ఎవరికైనా మొదట ఉలవల మీదే అనుమానం పోతుంది. సరిగా ఉడకని ఉలవలు కడుపులో ఉబ్బుతాయని ఊళ్లో అందరూ అన్నారు. సగానికి తగ్గించి, మెత్తగా ఉడికించి పెట్టమన్నాను. మార్పు లేదు.

తర్వాత పురుగులు. లద్దె పరీక్ష చేయిస్తే గుడ్లు ఓ మోస్తరుగా ఉన్నాయి. గుర్రాల్లో బద్దెపురుగు చిన్నపేగు, సీకం (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) కలిసే చోట గుంపుగా అతుక్కుని మళ్లీ మళ్లీ నొప్పి తెప్పిస్తుంది. ఐవర్‌మెక్టిన్ ఒక్కటే ఇస్తే దానికి తగలదు. అందుకని జనవరిలో ఐవర్‌మెక్టిన్‌తో పాటు ప్రాజిక్వాంటెల్ కూడా ఇచ్చాను. ఫిబ్రవరి 9న మళ్లీ నొప్పి.

పళ్లు చూశాను. పై దవడ పళ్లకు బయటివైపు, కింది దవడకు లోపలివైపు పదునైన అంచులు పెరిగాయి. రాస్ప్‌తో అరగదీశాను. మేత బాగా నమిలి తినడం మొదలుపెట్టింది. నొప్పి ఆగలేదు.

ఇక్కడ నన్ను ఎక్కువ కాలం పట్టుకున్న ఆలోచన ఇంకొకటి. నొప్పికి, నొప్పికి మధ్య రోజులు లెక్కపెట్టాను: 22, 19, 21. ఆడగుర్రం ఎదకు వచ్చే చక్రం కూడా సుమారు 21 రోజులే. అండం విడుదలయ్యే సమయంలో కొన్ని ఆడగుర్రాలకు కడుపునొప్పి లక్షణాలు కనిపిస్తాయి. ఆ మూడు అంకెలు చూసినప్పుడు నాకు చిక్కు విడిపోయినట్టే అనిపించింది. ఎదకు వచ్చిన రోజులు రాసిపెట్టమని యజమానికి చెప్పాను. ఐదో నొప్పి ఫిబ్రవరి 21న, అంటే పన్నెండు రోజులకే వచ్చింది. ఆరోది మార్చి 25న. ఆ రోజు రెక్టల్ పరీక్షలో రెండు అండాశయాలూ చిన్నవిగా, గట్టిగా ఉన్నాయి, ఎద ఛాయలే లేవు. మూడు అంకెల మీద కట్టుకున్న ఆలోచన అలా కూలిపోయింది.

ఇంట్లోవాళ్ల లెక్క వేరు. పెళ్లికి పోయి వచ్చినప్పుడే నొప్పి వస్తోందని, తెల్లగుర్రానికి అందరి కళ్లూ పడుతున్నాయని, దిష్టి అని వాళ్ల నమ్మకం. ప్రతి ఊరేగింపు తర్వాతా నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు తిప్పేవాళ్లు. నేను ఆ మాటను ఇంకో విధంగా తీసుకున్నాను. బ్యాండు మోత, టపాకాయలు, రాత్రంతా ఖాళీ కడుపు, లారీ ప్రయాణం, అన్నీ కలిస్తే జీర్ణాశయంలో పుండ్లు పడవచ్చు. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి మేత లేకపోతే ఆ ఆమ్లం గోడలను కొరికేస్తుంది. కానీ జనవరి 19 పుష్యమాసంలో పడింది. ఆ నెలలో దానికి ఒక్క ఊరేగింపు కూడా లేదు. ఈ సంగతి నా నోటుబుక్కులో రాసి ఉంది. దాని బరువు అప్పట్లో నాకు తెలియలేదు.

మే రెండో వారంలో ఏడో నొప్పి. పుండ్లు ఉన్నాయో లేవో చూడాలంటే మూడు మీటర్ల ఎండోస్కోప్ కావాలి, అది మా దగ్గర లేదు. చికిత్స చేసి చూద్దామని, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ కిలోకు 4 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు పెట్టించాను.

నొప్పి ఆగిపోయింది.

జూన్ పోయింది. ఆషాఢం పోయింది. శ్రావణంలో పెళ్లి మీద పెళ్లి, గుత్తి దాకా, ధర్మవరం దాకా తిరిగి వచ్చింది, ఏమీ కాలేదు. దసరా దాటింది. దీపావళి దాటింది. కడుపు పుండ్ల కేసు నయమైందని రాసి మూసేశాను. తెలిసిన ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు కూడా అలాగే చెప్పాను. వాళ్లకు తర్వాత మళ్లీ ఫోన్ చేసి ఆ మాట తప్పని చెప్పాల్సి వచ్చింది.

నవంబర్ 28

ఎనిమిదోసారి వచ్చినప్పుడు తెల్లవారుజామున నాలుగు. ఈసారి పల్స్ 64. ఒళ్లంతా చెమట. పొట్ట కుడివైపు కొంచెం ఉబ్బింది. ఫ్లూనిక్సిన్‌కు లొంగలేదు, మత్తు ఇచ్చి నొప్పి తగ్గించే జైలజీన్ కూడా ఇవ్వాల్సి వచ్చింది. రెక్టల్ పరీక్షలో పెద్దపేగు మలుపు దగ్గర పిండిముద్దలా గట్టిగా, బరువుగా తగిలింది. చేయి బయటికి తీసి గ్లవ్ విప్పుతుంటే వేళ్ల మధ్య గరగరలాడింది. కింద మోకాలు ఆనించి కూర్చున్నాను కదా, నేల మన్ను అంటుకుని ఉంటుందని తుడిచేశాను.

బెంగళూరు తీసుకెళ్దామా అని ఆ తెల్లవారుజామున యజమాని అడిగాడు. రెండొందల కిలోమీటర్ల పైన ప్రయాణం. ఆపరేషన్ దాకా పోతే అయ్యే ఖర్చు ఆ ఇంటికి ఒక పంట ఖర్చు. పల్స్ 70 దాటినా, ట్యూబ్‌లోంచి నీరు వెనక్కి వచ్చినా, నొప్పి మందుకు అసలు తగ్గకపోయినా వెంటనే బయల్దేరాలని ముందే మాట అనుకున్నాం. లారీ కూడా మాట్లాడి పెట్టాడు. సెలైన్, పారాఫిన్, మళ్లీ సెలైన్. మధ్యాహ్నం ఒంటిగంటకు లద్దె పడింది. లారీ అవసరం రాలేదు.

ఐదు రోజుల తర్వాత, డిసెంబర్ 3న, పక్క ఊరికి గాలికుంటు టీకాల కోసం వెళ్లి తిరిగి వస్తూ ఆ ఇంటి ముందు బండి ఆపాను. ఎవరూ పిలవలేదు. గుర్రం ఎలా ఉందో చూసి పోదామని మాత్రమే ఆగాను. ఏడాదిలో ఆ గుర్రాన్ని బాగున్నప్పుడు, పగటి వెలుతురులో, మేత తింటుండగా చూడటం అదే మొదటిసారి.

యజమాని తల్లి వాకిట్లో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. గుర్రం ముందు కొత్త శెనక్కాయ కట్టె నేల మీద పరిచి ఉంది. అది తినే తీరు చూస్తూ నిలబడిపోయాను. కాడల జోలికి పోవడం లేదు. మూతితో కట్టెను పక్కకు నెడుతోంది, దులుపుతోంది, రాలిన ఆకును పెదవులతో, నాలుకతో నేల మీద నుంచి ఊడ్చుకుంటోంది. వేరుశనగ కట్టెలో రుచి, బలం అంతా ఆకులోనే. ఎండితే ఆ ఆకు ముట్టుకుంటే రాలిపోతుంది. రాలి నేలమీది మన్నులో కలుస్తుంది.

"అవ్వా, ఇది ఎప్పుడూ ఇట్లనే తింటాదా?" అన్నాను.

"ఇట్లనే నాయనా. ఆకు మీదనే దాని ప్రాణం. అయిపోయినాంక కూడా నేలంతా నాకుతానే ఉంటాది. ఊడ్చే పని మాకు మిగల్దు."

"మరి రెండోది?"

"మగది లోపల గాడిలో తింటాది. రెంటినీ ఒకచోట కడితే కరుచుకుంటాయి. అందుకని దీన్ని ఈడ కడ్తాము."

రెండు గుర్రాలకూ ఒకే వామిలోని (మేత కుప్పలోని) కట్టె. లోపల సిమెంటు గాడిలో తినే గుర్రానికి ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. వాకిట్లో ఎర్రమన్ను మీద తినే గుర్రానికి ఎనిమిది సార్లు వచ్చింది. ఆ వాకిట్లోకి ఏడాదిగా రాత్రిపూట టార్చ్ లైటుతో వస్తూ పోతూ ఉన్నాను. మేత ఎప్పుడూ ముందే తీసేసి ఉండేది.

అప్పుడు బండిలోంచి స్టెతస్కోప్ తెచ్చి, ఎప్పుడూ పెట్టే చోట కాకుండా, పొట్ట అడుగున, రొమ్ము ఎముక చివరకు ఒక జానెడు వెనక పెట్టాను. మొదటి రెండు నిమిషాలు ఏమీ వినపడలేదు. మూడో నిమిషంలో వచ్చింది. అవ్వ చేటలో కొర్రలను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా జరిపితే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో, సరిగ్గా అదే. వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. పేగు ముడుచుకున్నప్పుడల్లా దాని అడుగున ఉన్న ఇసుక జరుగుతున్న చప్పుడది.

నొప్పి ఉన్నప్పుడు ఈ చప్పుడు ఎందుకు వినపడలేదో వివరంగా చెప్పాలి. ఇసుక జరగాలంటే పేగు కదలాలి. కోలిక్ వచ్చిన గుర్రంలో పేగు కదలిక పడిపోతుంది. నన్ను పిలిచే రోజే ఆ చప్పుడు ఉండని రోజు. పైగా ఆ హడావుడిలో పొట్ట అడుగున ఐదు నిమిషాలు చెవి పెట్టి కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు, పొర్లే గుర్రం కింద తల పెట్టడం క్షేమం కూడా కాదు. అంటే ఈ జబ్బు నేను వెళ్లిన ఎనిమిది సార్లూ నాకు కనిపించే అవకాశమే తక్కువ.

లద్దె పరీక్ష

ఇసుక గురించి నేను అసలు ఆలోచించలేదని కాదు. మొదట్లోనే, రెండో నొప్పి తర్వాత, ఒకసారి లద్దెను నీళ్లలో కలిపి చూశాను. అడుగున ఏమీ దిగలేదు. దాంతో ఇసుక మాటను కొట్టేశాను. నా మనసులో ఇసుక కోలిక్ అంటే పెన్న ఒడ్డునో చిత్రావతి ఒడ్డునో మేసే గుర్రాలకు వచ్చేది. ఈ ఊరికి ఏరు ఆరేడు కిలోమీటర్ల దూరం.

ఒక్కరోజు పరీక్షలో ఇసుక కనపడకపోతే ఇసుక లేదని కాదు. పెద్దపేగు కింది భాగంలో ఇసుక బరువుకు అడుగునే కూర్చుంటుంది, పైన మేత జారిపోతుంది. కొన్ని రోజులు ఒక్క రేణువు కూడా బయటికి రాదు. అందుకని ఈసారి వరుసగా ఐదు రోజులు చేశాను. చేసే పద్ధతి సులువు, గుర్రం ఉన్న ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. లద్దె పడిన వెంటనే కుప్ప మధ్యలోంచి, నేలకు తగలని ఆరు ఉండలు తీయాలి. పొడవాటి ప్లాస్టిక్ గ్లవ్‌లో వేసి, లీటరు నీళ్లు పోసి, బాగా పిసికి, వేళ్లు కిందికి ఉండేలా మేకుకు వేలాడదీయాలి. ఇరవై నిమిషాల్లో ఇసుక వేళ్ల కొనల్లోకి దిగుతుంది. గ్లవ్ లేకపోతే గాజు సీసా అయినా సరే.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు వేలి కొనలో కొంచెం. మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు రెండు వేళ్లలో సగం సగం. ఐదో రోజు ఒక వేలు. మొదటి రోజో మూడో రోజో ఒక్కటే చేసి ఉంటే మళ్లీ పోయిన ఏడాది లాగే కొట్టేసేవాణ్ని.

ఎక్స్‌రే తీస్తే ఇసుక తెల్లగా స్పష్టంగా కనపడుతుంది. కానీ పెద్ద గుర్రం పొట్టను దాటి పోయేంత శక్తి ఉన్న మిషన్ కావాలి, మనుషుల కోసం ఊళ్లో వాడే చిన్నవి చాలవు. పొట్టలోంచి సూదితో నీరు తీసే పరీక్ష నేను చేయలేదు. ఇసుకతో బరువెక్కిన పేగు పొట్ట అడుగు గోడకు ఆనుకుని ఉంటుంది. సూది నేరుగా పేగులోకి పోయే ప్రమాదం మామూలు కేసుల కంటే ఎక్కువ. చప్పుడు ఉంది, లద్దెలో ఇసుక ఉంది, తినే తీరు కంటికి కనిపిస్తోంది. ఆ మూడూ చాలనుకున్నాను.

మేత వైపు కూడా కొలిచాం. వామిలోంచి ఐదు కిలోల కట్టె తెచ్చి టార్పాలిన్ మీద దులిపితే 400 గ్రాముల మన్ను రాలింది. వరి గడ్డికో జొన్న సొప్పకో ఈ ఇబ్బంది లేదు, వాటిని నేలకు పైన కోస్తారు. వేరుశనగను వేళ్లతో సహా పీకుతారు. పీకేటప్పుడు తడి ఉంటే వేళ్లకు మన్ను ముద్దలుగా అంటుకుని అలాగే ఎండిపోతుంది. మా నేలలు ఎర్ర ఇసుక నేలలు, కాబట్టి ఆ ముద్దలో ఎక్కువ భాగం ఇసుకే. వామి వేశాక పైనుంచి కిందికి దిగేకొద్దీ ఆ మన్ను అడుగు వరుసల్లోకి రాలి చేరుతుంది.

ఇది తెలిశాక నోటుబుక్కు మళ్లీ తెరిచి తేదీలు చూశాను. ఖరీఫ్ వేరుశనగ పంట ఇంటికొచ్చి వామి వేసింది నవంబర్ మూడో వారంలో. మొదటి నొప్పి డిసెంబర్ 9న. వామి తరిగేకొద్దీ నొప్పులు కొనసాగాయి. మే నెలాఖరుకు వామి అయిపోయింది. నేను ఒమెప్రజోల్ మొదలుపెట్టిందీ ఆ నెలలోనే. జూన్ నుంచి గట్ల మీద కోసిన పచ్చిగడ్డి, కొనుక్కొచ్చిన జొన్న సొప్ప. గడ్డిపోచను గుర్రం పెదవులతో ఏరుకుని తింటుంది, నేల నాకే పని లేదు. మందు వల్ల ఆగిందని నేననుకున్న ఐదారు నెలలూ వామి లేని నెలలు. కొత్త వామి పడిన వారం పది రోజులకే ఎనిమిదో నొప్పి. మొదటి ఏడాది ఇసుక కొంత పేగులోనే మిగిలి ఉండి, దాని మీద కొత్తది చేరడం వల్లే ఆ నొప్పి అంత తీవ్రంగా వచ్చిందని నా అభిప్రాయం.

ఫిబ్రవరిలోనూ మార్చిలోనూ నొప్పికి ముందు రెండు మూడు రోజులు లద్దె పలచగా పడిందని కూడా రాసి ఉంది. ఇసుక పేగు లోపలి పొరను రాపిడి పెడితే విరేచనాలవుతాయి. అప్పట్లో దాన్ని పచ్చిమేత మార్పు ఖాతాలో వేశాను.

చికిత్స

పారాఫిన్ ఇసుక మీదుగా జారిపోతుంది, దాన్ని కదిలించలేదు. అందుకే ప్రతిసారీ అప్పటికి దారి ఇచ్చింది తప్ప మూలాన్ని ముట్టలేదు. ఇసుకను ఎత్తి తీసుకుపోవడానికి ఇసబ్‌గోల్ పొట్టు, మెగ్నీషియం సల్ఫేట్ కలిపి వాడాను. రెండోదాన్నే మనవాళ్లు భేదిఉప్పు అంటారు. ఒక్కొక్కటి కిలో బరువుకు ఒక గ్రాము, అంటే 380 గ్రాముల చొప్పున, రోజుకొకసారి ట్యూబ్ ద్వారా, నాలుగు రోజులు. ఏ ఒక్కటీ విడిగా ఇచ్చిన దానికంటే రెండూ కలిపితే బాగా పనిచేస్తాయి. భేదిఉప్పు ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది కాబట్టి నీళ్లు తాగని గుర్రానికి, ఒళ్లు ఎండిపోయిన గుర్రానికి ఇవ్వకూడదు. ముందు సెలైన్‌తో ఒళ్లు నిలబెట్టాలి.

పని చేసే చేతులకు ఒక మాట. ఇసబ్‌గోల్ నీళ్లలో పడిన రెండు నిమిషాలకే జిగురుగా మారి ట్యూబ్‌కు అడ్డం పడుతుంది. మొదటి రోజు నాకు అలాగే అయింది, ట్యూబ్ తీసి కడిగి మళ్లీ వేయాల్సి వచ్చింది, గుర్రాన్ని రెండుసార్లు బాధపెట్టినట్టయింది. రెండో రోజు నుంచి ముందు భేదిఉప్పును గోరువెచ్చని నీళ్లలో కరిగించి పంపాను. తర్వాత ఇసబ్‌గోల్‌ను కొంచెం కొంచెంగా చల్లటి నీళ్లలో వేస్తూ, వేసింది వేసినట్టే పంపు చేశాను. ఒకరు కలపాలి, ఒకరు పంపు కొట్టాలి.

రెండో రోజు రాత్రి నుంచి ఇసుక దిగడం మొదలైంది. మూడో రోజు గ్లవ్‌లో మూడు వేళ్లు నిండాయి. ఆ రోజు లద్దె మొత్తాన్ని అవ్వ పెద్ద డేగిసాలో వేసి, బియ్యంలో రాళ్లు జాలించినట్టు జాలించింది. పది పన్నెండు సార్లు నీళ్లు మార్చింది. చివరికి అడుగున మిగిలిన ఇసుకను ఆరబెట్టి తూకం వేశాం. ఒక కిలో 300 గ్రాములు. ఎర్రమన్ను రంగు అంతా కడుక్కుపోయి తెల్లటి ముతక ఇసుక, మధ్యలో సన్నటి గులకరాళ్లు. యజమాని దాన్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు. "ఇన్నాళ్లూ ఇది మోసుకునే ఊరేగింపులకు పోయిందా సార్" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఏడో రోజు పొట్ట అడుగున స్టెతస్కోప్ పెట్టి పది నిమిషాలు విన్నాను. మామూలు పేగు చప్పుడు తప్ప ఆ కొర్రల చప్పుడు లేదు.

మేత మార్పు

కట్టె మానేయమని చెప్పడం తేలిక. కానీ వేరుశనగ వేసే ఇంట్లో ఏడు నెలల మేత అదే. దాన్ని పారేసి సొప్ప కొనుక్కోమంటే ఆ సలహా రెండు వారాలు కూడా నిలవదు. కాబట్టి కట్టెను ఉంచుకునే దారి చూశాం.

దులపడానికి మంచి ఉపాయం అవ్వదే. పాత నులకమంచం మీద కట్టె వేసి కర్రతో నాలుగు దెబ్బలు కొడుతుంది. మన్ను నులక సందుల్లోంచి కిందికి పోతుంది, కట్టె పైన నిలుస్తుంది. కింద చీర పరిస్తే రాలిన ఆకును మళ్లీ జల్లెడ పట్టుకోవచ్చు. ఆకు పోకూడదు, బలమంతా అందులోనే కదా. గుర్రం తినే చోట పది అడుగులకు పది అడుగులు తాడిపత్రి బండలు పరిపించాడు యజమాని. బండల మీద కోసిన డ్రమ్ము సగం పెట్టి అందులో మేత వేస్తున్నారు. బయట రాలినా బండ మీద రాలుతుంది, రోజుకు రెండుసార్లు ఊడుస్తారు. వామి అడుగు రెండు వరుసలు గుర్రాలకు వేయకుండా ఎరువు దిబ్బకు పంపాలని ఖాయం చేసుకున్నారు.

మేత అయిపోయాక కూడా నేల నాకే అలవాటు ఉంది కాబట్టి డ్రమ్ము పక్కన రాతి ఉప్పు గడ్డ కట్టించాను. మొదటి వారంలో దాన్ని వదలకుండా నాకింది. ఒళ్లంతా చెమట కార్చి పనిచేసే గుర్రానికి ఉప్పు చాలడం లేదని నేను ముందే కనిపెట్టి ఉండాల్సింది. మేతలో సగం ఎండు జొన్న సొప్ప చేశాం. పచ్చి జొన్న చేలో మాత్రం గుర్రాన్ని మేపవద్దని గట్టిగా చెప్పాను. దానివల్ల గుర్రాలకు మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్లు తడబడతాయి. ఎండిన సొప్పతో ఆ భయం లేదు.

కట్టె మేపే నెలల్లో, నెలకు ఏడు రోజులు, ఇసబ్‌గోల్ కిలోకు అర గ్రాము చొప్పున తడిపిన తవుడులో కలిపి పెడుతున్నారు. రోజూ పెట్టొద్దన్నాను. ఏడాది పొడవునా పెడితే పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకోవడం నేర్చుకుంటాయి, ఇసుకను పట్టుకునే గుణం పోతుంది.

ఊరేగింపులకు పోయిన చోట ఏం చేయాలన్నది చివరిదాకా తేలని సమస్యగా ఉండింది. కల్యాణ మండపాల వెనక ఖాళీ స్థలంలో కట్టేసి, నేల మీదే మేత వేస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి పని కుర్రాడు అలాగే వేశాడు. రెండు రోజుల తర్వాత కొంచెం మేత మానేసింది, కాలితో నేల గీరింది, పల్స్ 44. ట్యూబ్ కూడా అవసరం పడలేదు, నాలుగు రోజులు ఇసబ్‌గోల్ పెడితే సర్దుకుంది. ఇప్పుడు లారీలో ఒక ప్లాస్టిక్ తొట్టి, దులిపిన కట్టె మూట గుర్రంతో పాటే పోతాయి.

చికిత్స ముగిసి పదహారు నెలలైంది. ఆ ఏప్రిల్ ఒక్కటి తప్ప మళ్లీ నొప్పి రాలేదు. నెలకొకసారి యజమాని గ్లవ్ వేలాడదీసి ఫోటో పంపుతాడు. మొన్న పంపినదాంట్లో చిటికెన వేలి కొనలో చిటికెడు ఉంది. వరుసగా ఇంకో నాలుగు రోజులు చూసి పంపమన్నాను.